ఐదు సెంట్ల పద్దు

బ్రాజోస్ నది ఇక్కడ మోచెయ్యి వంచుతుంది.
ఆ వంపులో ఊరుండేది.
ఊరంటే పెద్దగా ఏం లేదు లెండి:
ఒక బల్లకట్టు, పత్తి మిల్లు, కమ్మరి కొలిమి,
వారానికి రెండుసార్లు తెరిచే తపాలా కొట్టు.
థ్రెల్‌కెల్డ్ రేవు అనేవారు.
రేవుకి దొర పేరు పెట్టారు.
మోకు లాగినవాడి పేరు పెట్టలేదు.

మోకు లాగినవాడు మా తాతకు తాత.
ప్రైమస్.

దొర చిట్టా ఇంకా ఉంది, కౌంటీ కోర్టు నేలమాళిగలో,
చెదలు తిన్నంత తిని విసుగెత్తి వదిలేసిన అట్టతో.
తెల్ల తొడుగులు వేసుకోమన్నారు, వేసుకున్నాను, తెరిచాను.
బండికి డెబ్బై ఐదు సెంట్లు.
గుర్రమూ రౌతూ కలిపి పాతిక.
మనిషికి ఐదు.
విడి పశువుకు నాలుగు,
బానిసకూ అదే.

ప్రైమస్‌కి ఏ రేటూ లేదు.
ఆయన బల్లకట్టులో భాగం,
కొయ్యలా, కప్పీలా, తడిసి బరువెక్కిన మోకులా.
పంతొమ్మిదేళ్లు ఆ ఎర్రనీళ్లు దాటాడు,
ఒక్కసారీ అవతలికి చేరలేదు.
గట్టు తగలగానే వెనక్కి తిరగాలి కదా.

ఎవరెవర్ని దాటించాడని!
తేనెటీగల పెట్టెల మీద తడిగుడ్డలు కప్పుకుని
ఒటీలియా అనే జర్మన్ విధవ;
గడియారాన్ని పసిబిడ్డలా ఒళ్లో పెట్టుకున్న ఆమె మరిది;
యుద్ధానికి పోయే కుర్రాళ్లు,
వెళ్లేటప్పుడు పాటలు, వచ్చేటప్పుడు చంకకర్రలు.
ఏరు దాటాక తెప్ప తగలేస్తారంటారు.
వీళ్లు తగలెయ్యలేదు. వెనక్కి తిరిగి చూడలేదు, అంతే.

ఆ జూన్‌లో కబురొచ్చింది,
రెండున్నరేళ్లు ఆలస్యంగా.
దానికి ఏ రేవులోనూ బల్లకట్టు దొరకలేదేమో.

ప్రైమస్ చేతులు కడుక్కున్నాడు.
జెల్ల చేపలమ్మి పొగాకు డబ్బాలో దాచుకున్న
చిన్న వెండి నాణెం బల్ల మీద పెట్టి
బల్లకట్టు నడిమధ్య కూర్చున్నాడు.
దొర నాణేన్ని చూశాడు, మోకుని చూశాడు.
అవతలి గట్టున గొడ్ల వర్తకుడెవరో
నలభై పశువులతో నిలబడి కేకలేస్తున్నాడు.
నలభై నాలుగులెంతో దొరకి తెలుసు.
లాగాడు.

దొర చేతులు బొబ్బలెక్కాయని మా ఇంట్లో చెప్పుకుంటారు.
నేను నమ్మను. పది నిమిషాల పనికి బొబ్బలేమిటి?
కానీ మా అత్త లవీనియా
ఆస్తులైనా వదులుకుంటుందేమో గానీ
ఆ బొబ్బల్ని వదులుకోదు.

నేను నమ్మేది పద్దుని.
జూన్ ఇరవై ఏడు, దొర దస్తూరీ:
"ప్రైమస్. మనిషి ఒకడు. ఐదు సెంట్లు."
'మనిషి' పక్కన పెద్ద సిరా మరక.
కలం అక్కడ కాసేపు ఆగింది.

సాయంత్రం కింద ఇంకో పద్దు. మళ్లీ ఐదు.
ఎందుకు తిరిగొచ్చాడని చిన్నప్పుడు నాకు మండిపోయేది.
కెజైయా ఇటు గట్టున ఉందని,
ఆమెకు ఎనిమిదో నెలని,
ఎవరూ చెప్పలేదు.

తర్వాతి కథ చిన్నది.
రైలు ఏడు మైళ్ల అవతల నించి పోయింది.
మిల్లు దాని వెంట పోయింది, ఆవు వెనక దూడలా.
బల్లకట్టుని వరద తీసుకుంది,
కొలిమిని ఇనుప వంతెన తీసుకుంది,
తపాలా కొట్టు ఎప్పుడు మూశారో తేదీ కూడా లేదు.
మిగిలింది నీటి ఒడ్డున పీకన్ చెట్టు,
దాని నడుముకి మోకు కోసిన గాడి.
బెరడు మింగేస్తోంది దాన్ని.
చిన్నప్పుడు పిడికిలి పట్టేది,
ఇప్పుడు వేలు మొదటి కణుపు దాకానే.

నేను స్కూలు బస్సు నడుపుతాను.
రోజుకు నాలుగుసార్లు కాంక్రీటు వంతెన మీదుగా,
పదకొండు సెకన్లు.
ఫోనుల్లోంచి ఒక్క తలా లేవదు.
తప్పు పట్టను, వాళ్లకి దాటడం అంటే రోడ్డే.

ఆదివారాలు మాత్రం
మా ఆయన నడుపుతాడు.
నేను పక్క సీట్లో
చేతులు ఒళ్లో పెట్టుకుని
ఊరికే కూర్చుంటాను,
అవతలి గట్టు వచ్చేదాకా.